మన గిరి గారి పుట్టినరోజున ఇంకెవరు పుట్టారు?

ఆగస్టు 10 అంటే మన బడుల్లో పిల్లలకు ముందు గుర్తొచ్చేది నులిపురుగుల మాత్ర. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 జాతీయ నులిపురుగుల నివారణ దినాలు కాబట్టి ఆ రోజు మాత్ర నమిలి మింగించి, రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటాం. అదే ఆగస్టు 10న, 1894లో, మన బరంపురంలోనే ఒక తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు భారతదేశానికి నాలుగో రాష్ట్రపతి అయ్యాడని తరగతిలో ఎంతమందికి తెలుసు? ఆయన వరాహగిరి వెంకట గిరి గారు. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు గారు బరంపురంలో పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మ గారు.

పెద్దవాళ్ళ పుట్టినరోజులు జనరల్ నాలెడ్జి పోటీలకు బట్టీ పట్టించడం మనకు అలవాటే. తేదీ ఒకటి, పేరు ఒకటి, మార్కు ఒకటి. ఆ తేదీని కాస్త తిప్పి "ఈ రోజునే ప్రపంచంలో ఇంకెవరు పుట్టారు?" అని అడిగితే ఒక తేదీ నుంచి చరిత్ర, భూగోళం, లెక్కలు, భాష అన్నీ బయటికి వస్తాయి. మన ఊరిలో పుట్టినవాళ్ళు ప్రపంచంలోని పెద్దవాళ్ళ పక్కన నిలబడతారు. భాషా మైనారిటీ బడిలో చదివే పిల్లలకు ఇది చాలా అవసరం.

ఆగస్టు పది జాబితా

గిరి గారు పుట్టిన తేదీనే, సరిగ్గా ఇరవై ఏళ్ళ ముందు, 1874లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కమ్మరి ఇంట హెర్బర్ట్ హూవర్ పుట్టారు. పదేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. బంధువుల ఇళ్ళలో పెరిగి గనుల ఇంజనీరు అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆకలితో ఉన్న బెల్జియం ప్రజలకు తిండి గింజలు చేర్చి పేరు తెచ్చుకున్నారు. 1929లో అమెరికా అధ్యక్షుడయ్యారు. ఆ ఏడాదే పెద్ద ఆర్థిక మాంద్యం మొదలైంది. లక్షల మంది పనులు పోగొట్టుకున్నారు, 1932 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. 1946లో ప్రపంచంలో ఆహార కొరతను అంచనా వేసే పని మీద భారతదేశానికీ వచ్చారు. ఒకే తేదీన పుట్టిన ఇద్దరూ తమ తమ దేశాలకు అధ్యక్షులయ్యారు. ఒకరు కూలీల పక్షాన నిలిచి పైకి వచ్చారు, మరొకరు కూలీలకు పనులు లేకుండా పోయిన కాలంలో పదవి పోగొట్టుకున్నారు.

ఇటలీ ఒక్క దేశంగా ఏర్పడడానికి కారకుల్లో ఒకరు, ఆ దేశపు మొదటి ప్రధానమంత్రి కావూర్ 1810 ఆగస్టు 10న పుట్టారు. హిందుస్తానీ రాగాలను పది థాట్‌లుగా వర్గీకరించి, నోటి విద్యగా ఉన్న సంగీతానికి పుస్తకాలు రాసిన విష్ణు నారాయణ్ భాత్‌ఖండే 1860 ఆగస్టు 10న బొంబాయిలో పుట్టారు. ఆయనా గిరి గారిలాగే న్యాయశాస్త్రం చదివినవారు. కోకో తోటల కూలీల బతుకులను నవలలుగా రాసిన బ్రెజిల్ రచయిత జార్జ్ అమాడో 1912లో ఇదే తేదీన పుట్టారు. ఎలక్ట్రిక్ గిటార్ల తయారీలో ప్రపంచమంతటా పేరు మోగిన లియో ఫెండర్ 1909 ఆగస్టు 10న పుట్టారు. ఆయనకు గిటారు వాయించడం రాదని చెబితే పిల్లలు నమ్మరు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్ 1902లో, జర్మనీ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పాల్ 1913లో ఈ తేదీనే పుట్టి ఇద్దరూ నోబెల్ బహుమతి అందుకున్నారు. కొలంబియాలో యాభై ఏళ్ళకు పైగా సాగిన అంతర్యుద్ధాన్ని చర్చలతో ముగించే పని చేసి 2016లో నోబెల్ శాంతి బహుమతి పొందిన హువాన్ మాన్యుయెల్ సాంతోస్ 1951 ఆగస్టు 10న పుట్టారు.

ఇంతమంది వరుసలో మన బరంపురం వకీలు గారి అబ్బాయి కూడా ఉన్నారు. జాబితా నల్లబల్ల మీద రాసి, పక్కన ప్రపంచ పటం పెట్టి, ఒక్కొక్క ఊరినీ పిల్లల చేత గుర్తు పెట్టించి చూడండి. మన ఊరి దగ్గర చుక్క పెట్టడానికి ఎందరు పోటీ పడతారో మీకే తెలుస్తుంది.

బరంపురం నుంచి డబ్లిన్ దాకా

గిరి గారు ఇక్కడి ఖల్లికోట కళాశాలలో చదివి 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లాండు వెళ్ళారు. ఆ ఏడాదే డబ్లిన్ నగరంలో కార్మికులకూ యజమానులకూ మధ్య పెద్ద పోరు నడిచింది. సంఘంలో చేరినందుకు వేలమందిని పనిలోంచి గెంటేశారు. 1916లో అక్కడ స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు జరిగింది. గిరి గారు చదువుతున్న విశ్వవిద్యాలయ కళాశాలలో పాఠం చెప్పిన థామస్ మక్‌డోనా ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. ఆయనను బ్రిటిషు ప్రభుత్వం కాల్చి చంపింది. ఐరిష్ వాళ్ళతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరి గారిని దేశం విడిచి వెళ్ళమన్నారు. ఆయన బరంపురం తిరిగి వచ్చి కోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

తర్వాత ఆయన దారి రైలు పట్టాల వెంబడి సాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య ఏర్పాటులో పాలుపంచుకున్నారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారి మీద, ఆయన సొంత గడ్డ మీదే పోటీ చేసి గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లో మంత్రి పదవి వదులుకున్నారు. సాంతోస్ గారి గురించి పైన చెప్పుకున్నాం. గిరి గారి పద్ధతి కూడా అదే దారిది: యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే తగవు తెగుతుంది, పైనుంచి వచ్చిన తీర్పుతో తెగదు అని ఆయన ఎప్పుడూ అనేవారు.

1969 రాష్ట్రపతి ఎన్నిక లెక్కల క్లాసుకు పనికొచ్చే కథ. గిరి గారు స్వతంత్ర అభ్యర్థి. కాంగ్రెస్ పెట్టిన అభ్యర్థి మరో తెలుగువారు, నీలం సంజీవరెడ్డి గారు. మూడో ప్రధాన అభ్యర్థి సి. డి. దేశ్‌ముఖ్ గారు. మొదటి ప్రాధాన్యం ఓట్ల విలువ గిరి గారికి 4,01,515 వచ్చింది. గెలుపుకు అది చాలలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెడితే గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. రాష్ట్రపతి ఎన్నికలో రెండో ప్రాధాన్యం ఓట్ల దాకా వెళ్ళడం అదే మొదలు. తేడా ఎంతో పిల్లల చేత తీసివేత చేయించండి. ఆ ఎన్నిక చెల్లదని కేసు వేస్తే, పదవిలో ఉండి కూడా ఆయన సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఇక్కడ మన పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట ఒకటుంది. "మీరు ఆంధ్రావాళ్ళు కదా, ఇక్కడెందుకున్నారు?" అనే ప్రశ్న మన పిల్లలు ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటారు. గిరి గారు పుట్టిన 1894లో ఆంధ్ర రాష్ట్రం లేదు, ఒడిశా రాష్ట్రమూ లేదు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గీత వచ్చి మన ఇళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్ళం అన్న మాట ఎన్నో కుటుంబాల విషయంలో నిజం కాదు. ఇక్కడ పుట్టి, ఇక్కడి కళాశాలలో చదివి, ఇక్కడి కోర్టులో వాదించిన తెలుగువాడు దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. ఆయనను ఒడిశా వాళ్ళూ తమవాడే అంటారు, అది కూడా నిజమే. రెండు భాషల వాళ్ళు ఒక మనిషిని మావాడంటే మావాడనుకోవడం మంచిదే.

ఆగస్టు 29: భాష, ఆట ఒకే రోజు

మన ప్రాంతానికి మరో తేదీ ఉంది. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఈనాడు అది శ్రీకాకుళం జిల్లా, ఆనాడు గంజాం జిల్లా. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలని జీవితమంతా పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళ మనవలు, మునిమనవలు ఈ రోజు మన తరగతుల్లో ఉన్నారు.

అదే ఆగస్టు 29న, 1905లో, అలహాబాదులో హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టారు. 1928లో ఆంస్టర్‌డాం, 1932లో లాస్ ఏంజిలిస్, 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో మనకు బంగారు పతకాలు తెచ్చిన జట్లలో ఆయన ఉన్నారు. బెర్లిన్‌లో కెప్టెన్ ఆయనే. అందుకే ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం కూడా. ఒడిశాలో హాకీ అంటే పిల్లలకు ప్రాణం. 2018, 2023 ప్రపంచ కప్పులు రెండూ మన రాష్ట్రంలోనే జరిగాయి. పొద్దున మైదానంలో ఆటలు, మధ్యాహ్నం తరగతిలో గిడుగు వారి గురించి నాలుగు మాటలు. రెండు పండుగలకు రెండు రోజులు వెతుక్కోనక్కరలేదు. డాన్సు ఇష్టపడే పిల్లలుంటే మైకేల్ జాక్సన్ పుట్టింది కూడా 1958లో ఆ తేదీనే అని చెప్పండి, మూడో వరుసలో కూర్చున్నవాళ్ళు కూడా తల ఎత్తుతారు.

ఒడిశా బడులకు ఉమ్మడి పుట్టినరోజు కొత్త కాదు. సంబల్‌పూర్ వీరుడు సురేంద్ర సాయి 1809 జనవరి 23న, కటకంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1897 జనవరి 23న పుట్టారు. ఇద్దరి పటాలకూ ఒకేసారి దండ వేస్తాం. అక్టోబరు 2న గాంధీజీతో పాటు లాల్ బహదూర్ శాస్త్రి గారినీ తలచుకుంటాం.

ఒకే రోజు పుడితే ఒకే రాత ఉంటుందా?

ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. 1809 ఫిబ్రవరి 12న, అంటే ఒకే సంవత్సరం ఒకే తేదీన, ఇద్దరు పుట్టారు. ఒకరు అమెరికాలో దుంగల గుడిసెలో పుట్టిన అబ్రహాం లింకన్. మరొకరు ఇంగ్లండులో కలిగిన డాక్టరు గారింట పుట్టిన చార్లెస్ డార్విన్. ఒకరు బానిసత్వం పోయేందుకు పనిచేసి తుపాకి గుండుకు చనిపోయారు. ఒకరు జీవుల పరిణామం గురించి రాసి ముసలితనంలో ఇంట్లోనే కన్నుమూశారు. తేదీ ఒకటే, పుట్టిన ఇల్లు వేరు, దొరికిన చదువు వేరు, ఎంచుకున్న పని వేరు. పుట్టినరోజును బట్టి పిల్లల భవిష్యత్తు చెప్పేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంకో తమాషా. మొరార్జీ దేశాయ్ గారు 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. నాలుగేళ్ళకు 1900 వచ్చింది, కానీ అది లీపు సంవత్సరం కాదు. కాబట్టి ఆయనకు మొదటి అసలైన పుట్టినరోజు ఎనిమిదేళ్ళు నిండాక, 1904 ఫిబ్రవరి 29న వచ్చింది. సరిగ్గా ఆ రోజునే కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్ పుట్టారు. 1900 ఎందుకు లీపు సంవత్సరం కాదో, 2000 ఎందుకు అయిందో ఈ కథతో చెబితే పిల్లలు మరచిపోరు.

తిథుల సంగతీ కలపండి. మన ఇళ్ళలో అమ్మమ్మలు పుట్టినరోజు తిథిని బట్టి చెబుతారు. తిథి ప్రతి ఏడూ ఇంగ్లిషు తేదీకి జరుగుతూ, ఇంచుమించు పంతొమ్మిదేళ్ళకు ఒకసారి మళ్ళీ అదే తేదీ దగ్గరికి వస్తుంది. పంతొమ్మిదో ఏట తిథి, తేదీ కలుస్తాయో లేదో పంచాంగంలో చూడమంటే ఇంట్లో అందరూ పంచాంగం చుట్టూ చేరతారు.

మీ తరగతిలో ఇద్దరున్నారా?

పెద్ద తరగతుల పిల్లలను ఇది అడగండి: ఒక గదిలో ఎందరుంటే, వారిలో ఏ ఇద్దరికైనా ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం సగానికి మించుతుంది? చాలామంది 183 అంటారు. జవాబు 23. ఎందుకంటే 23 మందిని జతలుగా చూస్తే 253 జతలవుతాయి. ప్రతి జతా కలిసే అవకాశం చిన్నదే అయినా జతలు ఎక్కువ. 30 మంది ఉంటే అవకాశం 70 శాతం, 40 మంది ఉంటే 89 శాతం దాకా వెళుతుంది. "నా పుట్టినరోజునే పుట్టినవాడు ఉన్నాడా?" అన్నది వేరే ప్రశ్న. దానికి సగం అవకాశం రావాలంటే నీతో పాటు మరో 253 మంది కావాలి. రెండు ప్రశ్నల తేడా పిల్లలు తామే కనుక్కునేలా చేయండి.

అయితే ఈ లెక్క బడి రిజిస్టరు దగ్గర తప్పుతుంది. పాతకాలపు రిజిస్టర్లు తెరిచి చూస్తే ఒకే తరగతిలో సగం మంది జూన్‌లోనో జూలైలోనో పుట్టినట్టుంటుంది. పుట్టుక నమోదు లేని రోజుల్లో, పిల్లవాడిని చేర్చుకునేటప్పుడు అయిదారేళ్ళు వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేసేవారు. అందుకే మన పెద్దల్లో చాలామందికి ఇంటి పుట్టినరోజు ఒకటి, బడి పుట్టినరోజు ఒకటి. అప్పట్లో దానివల్ల పెద్ద ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు ఆధార్‌లో ఒక తేదీ, బడిలో ఒక తేదీ ఉంటే స్కాలర్‌షిప్పు దగ్గర, పదో తరగతి సర్టిఫికెట్టు దగ్గర పిల్లలు తిరగాల్సి వస్తోంది.

తల్లిదండ్రులకు మా మాట. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది. ఏడాదిలోపు అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం మొదలు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం. అయినా వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకపోవడం విద్యా హక్కు చట్టం ప్రకారం కుదరదు, అది కూడా గుర్తుంచుకోండి.

పేరు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి ఫారాలు ఇంటిపేరు చివర అడుగుతాయి. గిరి గారి పేరే తీసుకోండి. వరాహగిరి ఇంటిపేరు, వెంకట గిరి ఆయన పేరు. ప్రపంచం మాత్రం గిరి ఇంటిపేరనుకుంటుంది. రాష్ట్రపతి గారికి అది నష్టం చేయలేదు. మన పిల్లలకు ఒక కాగితంలో ముందూ, ఒక కాగితంలో వెనకా ఉంటే కార్యాలయాల చుట్టూ తిరగడమే. తెలుగు, ఒడియా, ఇంగ్లిషు మూడింటిలోనూ పేరు ఎలా రాయాలో ఒక తెల్లకాగితం మీద రాసి, జనన పత్రంతో కలిపి ఇంట్లో దాచుకోండి. ప్రతి ఫారమూ దాన్ని చూసే నింపండి.

ఈ ఏడు ఇలా చేద్దాం

ప్రతి తరగతిలో పన్నెండు నెలల చార్టు ఒకటి గోడకు కట్టండి. ప్రతి పిల్లవాడూ, పిల్లా తన తేదీ కింద తన పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. పక్కన అదే తేదీన పుట్టిన ఒక పెద్ద మనిషి పేరు రాయాలి. ఆ మనిషి గురించి మూడు ప్రశ్నలకు జవాబు తేవాలి: ఏ ఊరిలో పుట్టారు, ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు, నలుగురి కోసం ఏం చేశారు. రెండో ప్రశ్న వదలకండి. పెద్ద మనుషుల్లో ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటి అయినవాళ్ళు ఎంతమందో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. ఫోనులో కనిపించిన తేదీని రెండోచోట సరిచూసుకున్నాకే చార్టు ఎక్కించండి.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఆ ఏర్పాటు నిలవాలంటే బడిలో పిల్లలుండాలి. తెలుగు బడిలో చదివితే లోకం తెలియదన్న భయంతో పిల్లలను మాన్పించే తల్లిదండ్రులను ఆగస్టు 10న ఒక పూట బడికి పిలవండి. బరంపురం నుంచి అయోవా దాకా, డబ్లిన్ నుంచి కొలంబియా దాకా వాళ్ళ పిల్లలే పటం మీద చూపించి తెలుగులో చెబుతుంటే విననివ్వండి. మాత్ర ఇచ్చే పని ఎలాగూ ఉంటుంది, ఆ వరుసలో నిలబడ్డప్పుడే పిల్లలకు గిరి గారి పేరు కూడా చెప్పేయొచ్చు.